అడుగు కనిపించే నీళ్ళు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఆరో ఏట, కూలివాళ్ళ కోసం పెట్టిన సాయంత్రం బడిలో. ఒత్తులు ఇప్పటికీ నాకు సరిగా లొంగవు. ఈ నాలుగు కాగితాలు రాయడానికి మార్చి నుంచి మే నెలాఖరు దాకా పట్టింది. ఆ రోజు నేనూ వాళ్ళతోనే ఉన్నాను. కానీ ఇది నా కథ కాదు, నాతో కలుపు తీసిన డెల్ఫీనా కథ. ఆమె మనసులో ఏముందో నాకెలా తెలుసంటారా, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆమె నాకు చెబుతూనే ఉంది, ప్రతిసారీ అవే మాటలతో.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం అది. కలుపు పని ఆ ఏడు జూలై మొదటి శుక్రవారంతో ముగిసింది. నలభై రోజులు నీళ్ళలో వంగి వరి మళ్ళలో ఊద గడ్డి ఏరిన ఆడవాళ్ళను ఆదివారం సరస్సుకు తీసుకువెళతానని ఫాదర్ ఎవాజియో గారు ఈస్టర్ పండగనాడే మాట ఇచ్చారు. పందొమ్మిది మంది ఆడవాళ్ళు పొద్దున్నే దగ్గరి పట్నం నొవారాలో రైలెక్కారు. చిక్కుడు గింజలు వేసి వండిన అన్నం గిన్నెల్లో, రొట్టె, సలామీ బుట్టల్లో, వైను రెండు పెద్ద సీసాల్లో.

అందరూ సంబరంగా వెళుతుంటే డెల్ఫీనా ఒక్కతే వద్దని చెప్పడానికి వెళుతోంది.

ఆమె కూతురు నీవెస్‌కు పద్దెనిమిది నిండాయి. బెల్జిరాతే అనే ఊళ్ళో సరస్సు ఒడ్డున ఒక హోటలుంది. ఫాదర్ గారి చెల్లెలు అక్కడ వంటమనిషి. బట్టలుతికే గదిలోకి ఒక పిల్ల కావాలని, నీవెస్ అయితే సరిపోతుందని ఆవిడ కబురు పెట్టింది. ఏడాది పొడుగునా పని, పడుకోవడానికి సొంత మంచం. అయితే తల్లి స్వయంగా వచ్చి సరేననాలి, అదీ ఈ ఆదివారం రెండు గంటల లోపల. రాకపోతే పక్క ఊరు లేసా నుంచి ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది. డెల్ఫీనా భర్త ఎలీజియో గొడ్ల చావిట్లోంచి తల ఎత్తకుండానే, "నువ్వు చూసి రా. నీ మాటే నా మాట," అన్నాడు.

ఆమె మాట ఇంటి గడప దాటకముందే ఖాయమైపోయింది. పద్నాలుగో ఏట నుంచి నీవెస్ కలుపు వరసలో ఆమె పక్కనే నిలబడుతోంది. వంగిన నడుములు రెండూ ఒకేసారి లేచేవి. ఆ పిల్ల లేకుండా మడిలో దిగడం డెల్ఫీనా ఊహకు అందడం లేదు. కానీ అలాంటి మాటలు పైకి అనే మనిషి కాదు. అందుకని ఇంకో కారణం వెతుక్కుంది. సరస్సంటే ఏముంది, నీళ్ళేగా.

"నీళ్ళు చూడ్డానికి రైలెక్కి పోవడం ఏంటే అర్జా," అంది పక్కన కూర్చున్న అర్జాతో. "నలభై రోజులు చూశాంగా. ఇంకా నా గోళ్ళ సందుల్లోనే ఉన్నాయి ఆ నీళ్ళు."

అర్జా ఆ గుంపు మొత్తంలో నోరు గల మనిషి. "మడి నీళ్ళకి మేస్త్రి ఉంటాడక్కా. అక్కడ ఎవడూ నీ వెనక నిలబడి వంగు, వంగు అనడు. నాకా తేడా చాలు."

"వంగకపోతే నీకు నడుం నొప్పి పుడుతుంది."

"పుట్టనీ. కొత్త నొప్పి, ముచ్చటగా ఉంటుంది."

నీవెస్ కిటికీ పక్కన కూర్చుని తల్లి వైపు చూడకుండా బయటికే చూస్తోంది. తల్లి ఏమనుకుంటోందో ఆ పిల్లకు చెప్పనక్కర్లేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న తెల్ల చేతి రుమాలును మాత్రం మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

సరస్సు కొసనున్న అరోనాలో దిగి, స్టేషన్ ముందు నుంచి రెండిళ్ళ మధ్య సందులోంచి నడిచారు. సందు చివర అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. వెనకున్న వాళ్ళు ముందున్న వాళ్ళను గుద్దుకున్నారు, ఎవరూ కసురుకోలేదు.

మా వైపు నేల బల్ల పరిచినట్టుంటుంది. ఎంత దూరం చూసినా మళ్ళు, గట్లు, వరసగా పాప్లర్ చెట్లు, ఆపైన ఆకాశం. ఇక్కడ ఆకాశం కాళ్ళ దగ్గర మొదలైంది. ఎదుటి ఒడ్డు మీద కొండలు, ఆ కొండల కింద తలకిందులుగా మళ్ళీ అవే కొండలు, మధ్యలో ఒక తెల్ల తెరచాప కదలకుండా ఉంది. ఉత్తరం వైపు నీళ్ళు కొండల సందులోకి వెళ్ళి, ఇంకా వెళ్ళి, నీలిరంగు పొగలా అయిపోయాయి. ఎక్కడ ఆగాయో కంటికి అందలేదు. ఒకామె సిలువ గుర్తు వేసుకుంది. అర్జా కూడా నోరు మూసుకుంది.

డెల్ఫీనా బుట్ట తాడు సరిచేసుకునే వంకతో తల వంచుకుంది. ఎంతసేపని వంచుకుంటుంది. తల ఎత్తింది. "దీనికి గట్టేదీ?" అంది.

"ఆ కొండలేనమ్మా," అంది నీవెస్.

డెల్ఫీనా ఆ కొండల వైపు చూసింది. మా కాలువ నీళ్ళ కాపలాదారు నెస్తోరె నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, కొత్త కాలువ తవ్వాక మన మళ్ళలోకి వచ్చేవి సరస్సు నీళ్ళేనని. గొప్పలకు పోతున్నాడనుకుంది ఆమె. మళ్ళలోకి నీళ్ళు తూములోంచి వస్తాయి. తూము వెనక ఇంత ఉంటుందని ఆమెకు ఎవరు చెబితే నమ్మేది?

అక్కడి నుంచి బెల్జిరాతేకు వెళ్ళే పొగ పడవలో ఆమె నడిమి బల్ల మీద బిగుసుకుని కూర్చుంది. మిగతా వాళ్ళంతా అంచుకు చేరి, ఒడ్డున పోయే మేడలను, గోడల మీదుగా వంగిన ఎర్ర గన్నేరు పూలను ఒకరికొకరు చూపించుకుంటున్నారు. "ఆ మేడలో ఎన్ని కిటికీలో లెక్కపెట్టవే," "తుడిచేవాళ్ళని తలుచుకుంటే నాకిక్కడే చేతులు పడిపోతున్నాయి," అని నవ్వుకుంటున్నారు. నీవెస్ ఒక్కతే ముందు కొసన నిలబడింది. గాలికి జుట్టు ముఖం మీద పడుతుంటే తీసుకోలేదు. వెనక నుంచి చూస్తుంటే ఆ పిల్ల వీపు డెల్ఫీనాకు కొత్తగా కనిపించింది. మడిలో ఎప్పుడూ వంగి ఉన్న వీపునే చూసింది. కూతురు ఇంత పొడుగని ఆమెకు తెలియదు.

బెల్జిరాతేలో నీళ్ళ పక్కన చెట్ల నీడలో దుప్పట్లు పరిచి గిన్నెలు విప్పారు. చిన్న రేవు, రేవు లోంచి నీళ్ళలోకి దిగే రాతి మెట్లు, మెట్ల పక్కన గోడకు ఇనప కడియాలు. రేవు వెనక పసుపు రంగు హోటలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు. డెల్ఫీనా హోటలుకు వీపు పెట్టి కూర్చుంది.

ఆ ఊరి ఆడవాళ్ళిద్దరు అటుగా పోతూ వీళ్ళ ఎండిన కాళ్ళను, పిక్కల మీద జలగ మచ్చలను చూశారు. ఒకామె రెండోదానితో, వినబడేట్టే, "వరి కప్పలు ఒడ్డుకొచ్చాయే," అంది.

అర్జా లేచి నిలబడింది. "కప్పలమే తల్లీ. వేయించిన కప్పల్ని కూడా తెచ్చుకున్నాం. చుట్టాల్ని తింటారా అని అడక్కు, తింటాం. నువ్వూ ఒకటి తిను."

ఆ ఊరామె ఒక్క క్షణం తటపటాయించి, వంగి, గిన్నెలోంచి ఒక కప్ప కాలు తీసుకుని కొరికింది. "ఉప్పు తక్కువైంది," అంది.

"ఉప్పు మీ సరస్సులో వేద్దామని దాచాం," అంది అర్జా. ఇద్దరూ నవ్వేశారు. ఆమె ఇంకో కాలు తీసుకుని మరీ వెళ్ళింది.

డెల్ఫీనా నవ్వలేదు. ఆమెకు కావలసిన మాట దొరికింది. ఒకటిన్నరకు నీవెస్ వచ్చి ఎదురుగా నిలబడి, "వెళదామా అమ్మా," అన్నప్పుడు ఆ మాటే తీసింది.

"విన్నావుగా. కప్పలంట మనం. ఇక్కడ ఏడాదంతా ఆ మాట పడతావా?"

"ఆవిడ మన గిన్నెలోదే తిని పోయిందమ్మా."

"ఇవాళ తింటుంది. రేపు నీ చేత బట్టలుతికిస్తుంది."

"ఉతకడానికేగా వచ్చింది నేను."

తల్లీ కూతుళ్ళు రేవు మెట్ల దాకా నడిచారు. మిగతావాళ్ళ చెవిన పడకూడదని డెల్ఫీనా ఇంకో రెండు మెట్లు దిగింది. బూట్లు కొత్తవి, పొద్దుటి నుంచి కాళ్ళను కొరికేస్తున్నాయి. విప్పి పక్కన పెట్టింది.

"అసలు ఏం చూసి ఇక్కడికొస్తానంటున్నావే నువ్వు?" అంది.

నీవెస్ చేత్తో నీళ్ళు చూపించింది. "ఇది చూసి."

"నీళ్ళు మన దగ్గర లేవా?"

"ఇది మన మడి కాదమ్మా."

"నీళ్ళ సంగతి నాకు నేర్పకు," అంది డెల్ఫీనా. "ముప్పై ఏళ్ళు నిలబడ్డాను వాటిలో. నీళ్ళెక్కడైనా నీళ్ళే. చూడు."

గౌను అంచు పట్టుకుని నడుముకు దోపుకుంది, ప్రతి ఉదయం గట్టు మీద చేసినట్టే. కిందికి చూసింది. నీళ్ళు గాజులా ఉన్నాయి. అడుగున గుండ్రటి రాళ్ళు, వాటి మీద పడి కదిలే ఎండ, ఒక రాయి పక్కన విరిగిన కుండ పెంకు, అంతా స్పష్టంగా కనిపిస్తోంది. మా ఆడవాళ్ళకు చిన్నప్పటి నుంచి ఒకటే కొలత. కాలువైనా మడైనా, అడుగు నల్లగా ఉంటే దిగకూడదు. అడుగు కనిపిస్తే మోకాలు దాటదు. ఆ కొలత తప్పగా ఎవరూ చూడలేదు. అమ్మమ్మల నుంచి వచ్చిన కొలత అది. ఆమె వెనకాముందూ చూడకుండా ఆఖరి మెట్టు మీద నుంచి ఆ రాళ్ళ మీదికి కాలు పెట్టింది.

కాలికి ఏమీ తగల్లేదు.

పడుతున్నానన్న సంగతి కూడా ఆమెకు వెంటనే తెలియలేదట. చల్లదనం పిక్కలు దాటింది, మోకాళ్ళు దాటింది, నడుం దాటింది, ఆమె ఇంకా కాలు చాపి నేల కోసం వెతుకుతూనే ఉంది. తర్వాత తల మీద వెలుతురు ఆకుపచ్చగా మూసుకుంది. పైనున్న చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ గుండ్రటి రాళ్ళు కిందనే ఉన్నాయి, ఇంతకుముందు ఎంత దగ్గరగా ఉన్నాయో అంత దగ్గరగానే, ఎంత చాపినా అందనంత దూరంలో. రాళ్ళకు అవతల నేల వాలుగా జారిపోయి, ఆకుపచ్చ నీలమై, నీలం నల్లనై, ఆపైన ఏమీ లేదు. వెలుతురు స్తంభాల్లా దిగి ఆ నలుపులోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆమెకు భయం వేయాల్సింది. భయం తర్వాత వేసింది. ఆ క్షణాన మాత్రం పెద్ద పండగనాడు గుళ్ళో కొవ్వొత్తులన్నీ వెలిగించి తలుపు తీసినట్టనిపించిందని చెప్పేది.

ఏదో గట్టి కర్ర భుజానికి తగిలింది. పట్టుకుంది.

పైకి వచ్చేసరికి నీవెస్ ఆఖరి మెట్టు మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో ఇనప కడియం పట్టుకుని, రెండో చేత్తో తల్లి జుట్టు దొరకబుచ్చుకుంది. తెడ్డు చాపినవాడు రేవులో పడవ కట్టుకుని కునుకు తీస్తున్న సెవెరీనో అనే ముసలాయన. ఇద్దరూ కలిసి ఆమెను మెట్ల మీదికి లాగారు. ఆమె దగ్గింది, నీళ్ళు కక్కింది, మళ్ళీ దగ్గింది. మిగతా పదిహేడు మంది ఆడవాళ్ళు పైమెట్ల మీద గుమిగూడారు. నీవెస్ తల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎందుకు దిగావమ్మా అక్కడ?" అన్నాడు సెవెరీనో.

"అడుగు కనిపించింది," అంది డెల్ఫీనా.

ముసలాయనకు అర్థం కాలేదు. కలుపు వాళ్ళందరికీ అర్థమైంది. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు మెట్ల అంచు నుంచి వెనక్కి జరిగారు. వాళ్ళయినా అలాగే దిగేవాళ్ళు.

"ఇక్కడ రెండు నిలువుల లోతమ్మా," అన్నాడు సెవెరీనో. "నీళ్ళు తేటగా ఉంటే అడుగు పైకి తేలినట్టుంటుంది. పది బారలు అవతలికి పోతే నా తాడు అందదు. నడిమిన మూడు వందల డెబ్బై మీటర్లంటారు."

"అంటే ఎంత?" అంది అర్జా. ఈసారి వేళాకోళంగా కాదు.

"ఎక్కడి వాళ్ళు మీరు, నొవారా వైపా? మీ సాన్ గౌదెంజియో గుడి గోపురం ఉందే, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి నిలబెట్టు. మూడోదాని కొస కూడా పైకి రాదు."

మా మళ్ళలో ఎక్కడ నిలబడి తల ఎత్తినా ఆ గోపురం కనిపిస్తుంది. మేమెరిగిన వాటిలో దానికంటే ఎత్తయింది లేదు. అందరూ ఒక్కసారి నీళ్ళ వైపు తిరిగారు.

హోటలు పనివాళ్ళ మీద పెత్తనం చేసే ఈనెస్ గారు కేకలు విని వెనక తలుపులోంచి వచ్చింది. బక్కపల్చటి మనిషి, నడుముకు తాళాల గుత్తి. ఏమీ అడగకుండా డెల్ఫీనాను, నీవెస్‌ను బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళింది. తల్లి తడి గుడ్డలు విప్పించి, పనిపిల్లలు వేసుకునే నల్ల గౌను, తెల్ల కాలరు తొడిగించింది. చేతిలో వేడి కాఫీ గ్లాసు పెట్టింది. గోడ మీది గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

తలుపులోంచి తల పెట్టిన అర్జా, "ఉద్యోగం కూతురికా, నీకా అక్కా?" అంది.

ఆ గది కిటికీ సరస్సు మీదికే ఉంది. డెల్ఫీనా అటే చూస్తోంది. దుప్పట్లు ఆరేసిన తాళ్ళ మధ్య నుంచి నీళ్ళు మెరుస్తున్నాయి. ఇప్పుడు ఆమెకు పై మెరుపు కనిపించడం లేదు. దాని కింద ఉన్నది కనిపిస్తోంది. అక్కడి నుంచి బయలుదేరిన నీళ్ళు నదిలో పడి, కాలువలో పడి, తూములోంచి మడిలోకి వచ్చి తన కాళ్ళ దగ్గర జానెడు లోతున ఆగాయి. వాటిలో ముప్పై ఏళ్ళు నిలబడి ఆమె చూసింది తన కాలివేళ్ళను. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే, పడవ ముందు కొసన నిలబడి, ఇదంతా చూసింది.

"సంగతి తెలిసిందమ్మా, నువ్వు నీవెస్ తల్లివి," అంది ఈనెస్ గారు. "ఇలా అడగాల్సి వస్తుందనుకోలేదు. పిల్లని పంపుతున్నావా, లేదా? లేసా వాళ్ళు రెండింటికి వస్తారు."

నీవెస్ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె గౌను ముందు భాగమంతా తడి. ఇక అయిపోయిందనే అనుకుంది ఆ పిల్ల. ఇంత జరిగాక ఏ తల్లి ఒప్పుకుంటుంది?

డెల్ఫీనా కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఒక మాట అడగాలి," అంది.

"జీతం సంగతా? ఫాదర్ గారికి చెప్పాం."

"జీతం కాదండీ. మా పిల్లకి ఈత రాదు. మా ఊళ్ళో ఎవరికీ రాదు, అవసరం పడలేదు. ముందు ఈత నేర్పించండి. నేర్చుకునేదాకా ఆ రేవు మెట్లు దిగనివ్వకండి. ఆ మాటిస్తే వదిలి వెళతాను."

ఈనెస్ గారు ఆమెను ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని షరతు. ఆదివారం నాకు వంటవాళ్ళ గోల ఒకటి, ఇప్పుడు ఈత కూడానా."

"మీకు రాదా?"

"రాకేం, ఈ ఊళ్ళో పుట్టాను." ఆవిడ తాళాలు చేత్తో సర్దుకుంది. "పొద్దున్నే ఆరింటికి, అతిథులు లేవకముందు. నేనే నేర్పుతాను. సరేనా?"

"సరే," అంది డెల్ఫీనా.

నీవెస్ గోడ దగ్గర నుంచి కదల్లేదు. "అమ్మా, నువ్వు నిజంగానే అంటున్నావా?" అంది.

"నా మాటే మీ నాన్న మాట. జుట్టు ముడేసుకో. తడి జుట్టుతో పనిలో చేరితే మొదటి రోజే కప్ప అంటారు."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. తల్లి మెడ కావలించుకుంది. డెల్ఫీనా కొంచెంసేపు ఊరుకుని, తర్వాత తన గుండెలదాకా తడి అంటుతోందని విసుక్కుంటూ విడిపించుకుంది. విసుగు గొంతులోనే గాని, చేతుల్లో లేదు.

తిరుగు పడవ ఏడున్నరకు. సరంజామా సర్దుకుంటూ, పాటలు పాడుకుంటూ మిగతావాళ్ళు చెట్ల కింద ఉన్నారు. డెల్ఫీనా ఆ నల్ల గౌనుతోనే, వట్టికాళ్ళతో, మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళొద్దని నీవెస్ చెయ్యి పట్టుకుంటే, "పడను, కూర్చుంటాను," అంది. ఆఖరి మెట్టు మీద కూర్చుని, గోడకున్న ఇనప కడియం ఎడమ చేత్తో పట్టుకుని, పాదాలు రెండూ నీళ్ళలో పెట్టింది. ఎండ వాలింది. ఎదుటి కొండలు ఎర్రబడ్డాయి, వాటి కింది కొండలూ ఎర్రబడ్డాయి. పాదాల కింద రాళ్ళు ఇప్పుడూ అంతే స్పష్టంగా, చెయ్యి చాపితే అందేట్టుగా ఉన్నాయి. ఆమె వాటిని చూసింది, వాటికి అవతల జారిపోయే వాలును చూసింది, ఇంక చూపు వెళ్ళని చోటును చూసింది.

సెవెరీనో తన పడవలో వల మడత పెడుతున్నాడు.

"దీన్ని ఎవరైనా మొత్తం చూశారా?" అని అడిగింది ఆమె.

"కింద దాకానా? లేదమ్మా. ఎవరూ చూడలేదు."

ఆమె తల ఊపింది, అలాగే ఉండాలన్నట్టు. అర్జా పైనుంచి పిలిచింది. ఫాదర్ గారు పిలిచారు. పొగ పడవ మలుపు తిరిగి ఒకసారి కూసింది, దగ్గరికొచ్చి మళ్ళీ కూసింది. మూడో కూతకు గానీ ఆమె పాదాలు పైకి తీసుకోలేదు.

ఓర్సొలా బెల్లొత్తి, డెబ్బై ఏడేళ్ళు. ఇప్పుడు బొర్గొమనేరోలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.